ఇంజిన్ తాళం ఎందుకు తప్పుతుంది?

మా నాన్న చిన్నప్పుడు వాళ్ళింట్లో డాబా మీద యాంటెన్నా ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేదట. సినిమా మంచి రసపట్టులో ఉన్నప్పుడు వీధిలోంచి ఓ పాత స్కూటర్ వెళ్ళిందంటే చాలు, తెర నిండా తెల్లచుక్కలు, స్పీకర్లో గరగర. బండి సందు మలుపు తిరిగాకే బొమ్మ మళ్ళీ కుదురుకునేది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి, చాలామందికి ఇది గుర్తుంటుంది.

కారణం ఆ స్కూటర్‌లోని స్పార్క్ ప్లగ్. రవ్వ దూకిన ప్రతిసారీ అదో చిన్న రేడియో స్టేషన్. ఇది పోలిక కోసం చెప్తున్నది కాదు, మార్కోనీ తొలి రోజుల్లో వైర్‌లెస్ సందేశాలు పంపింది ఇలాంటి రవ్వలతోనే. టీవీలో చుక్కలొస్తే పోయేదేమీ లేదు. కానీ ఆ రవ్వకి మీటరు, రెండు మీటర్ల దూరంలో కూర్చుని ఇంజిన్ మొత్తాన్ని నడిపించే కంప్యూటర్ చెవిలో ఇదే గరగర పడితే?

కంపెనీ నుంచి వచ్చిన కారులో ఈ సమస్య దాదాపు కనిపించదు. వైరు ఎక్కడినుంచి వెళ్ళాలి, ఎర్త్ ఎక్కడ కలపాలి అన్నది వాళ్ళు ముందే పరీక్షించి పెడతారు. కారుకి టర్బో తగిలించి, పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టి, వైరింగ్ చేత్తో అల్లుకునేవాళ్ళకే ఈ తలనొప్పి. మన దగ్గర రోడ్డు బండికి ఇలాంటి మార్పులు చేయడం కష్టం, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మాత్రం ఇదో పెద్ద సరదా. అక్కడ బాగా నలిగిన ఉదాహరణ మాజ్దా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన రెండు సీట్ల చిన్న కారు, 1.6 లీటర్ ఇంజిన్, అమెరికా మోడల్‌కి 116 హార్స్‌పవర్. దానికి టర్బో పెట్టి, మెగాస్క్వర్ట్ లాంటి సొంతంగా ట్యూన్ చేసుకోగల ఈసీయూ పెట్టి నడిపేవాళ్ళు కోకొల్లలు. ఈ మెగాస్క్వర్ట్‌ని మొదలుపెట్టింది బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు. ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే స్పీడుయినో కూడా ఉంది, దాని కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్. కంప్యూటర్ సైన్స్‌వాడినైన నేను ఈ గ్రీజు గొడవలోకి దిగింది ఆ కోడ్ చదివే.

ఇంతకీ ఈసీయూకి అన్నిటికంటే ముందు కావాల్సిందేమిటి? ఇంజిన్ ఇప్పుడు ఏ కోణంలో ఉందో తెలియాలి. పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి 10 డిగ్రీల ముందా, 25 డిగ్రీల ముందా అన్న లెక్క మీదే రవ్వ ఎప్పుడు వేయాలో తేలుతుంది. దీనికోసం క్రాంక్ షాఫ్ట్‌కి ఒక పళ్ళ చక్రం, దాని పక్కన కదలకుండా ఒక సెన్సర్ ఉంటాయి. పన్ను దాటిన ప్రతిసారీ ఒక పల్స్. బాగా వాడుకలో ఉన్నది 36-1 చక్రం. అంటే 36 పళ్ళకి చోటుండి, ఒక పన్ను మాత్రం కావాలనే తీసేసింది. ఒక్కో పన్నుకి 10 డిగ్రీలు. ఆ పన్ను ఊడిన చోటే మొత్తం వ్యవహారానికి కీలకం. 35 పళ్ళూ ఒకేలా ఉంటే ఏది మొదటిదో ఎలా తెలుస్తుంది? ఖాళీ రాగానే "ఇదిగో, ఆవృత్తం ఇక్కడ మొదలు" అని ఈసీయూ గుర్తుపడుతుంది. మనం నెట్‌వర్క్స్‌లో చదివే ఫ్రేమ్ డీలిమిటర్ అచ్చం ఇదే.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. తాళం వేసే చెయ్యి ఆవృత్తం ఎక్కడ మొదలైందో మర్చిపోతే, ఆ తర్వాత వేసే దెబ్బలన్నీ సమానంగానే ఉన్నా పాట చెడుతుంది. ఈసీయూకి అలా జరిగితే దాన్ని సింక్ లాస్ అంటారు. నేనైతే తాళం తప్పడం అంటాను.

వేగం ఎంతో ఒక్కసారి లెక్క వేద్దాం. 6000 ఆర్పీఎం అంటే సెకనుకి 100 చుట్లు. 36 చోట్ల చక్రం మీద ఒక పన్ను నుంచి ఇంకో పన్నుకి 278 మైక్రోసెకన్లు. ఒక్క డిగ్రీ అంటే 28 మైక్రోసెకన్లు. ప్రాసెసర్‌కి ఇది పెద్ద పనేం కాదు. కానీ పల్స్ వచ్చిందా లేదా అన్న విషయంలో ఈసీయూకి వేరే సాక్షి లేడు. సెన్సర్ తీగ మీద ఏది కనబడితే అదే పన్ను.

ఇప్పుడు ఒక దొంగ పల్స్ వచ్చిందనుకోండి. రెండు నిజమైన పళ్ళకి సరిగ్గా మధ్యలో. 278 మైక్రోసెకన్ల దూరం కాస్తా 139, 139గా చీలింది. మొదటి ప్రభావం, ఆ క్షణంలో ఆర్పీఎం రెట్టింపైనట్టు కనిపిస్తుంది. లాగ్ గ్రాఫ్‌లో 6000 దగ్గర నడుస్తున్న గీత ఒక్క చోట 12000కి సూదిలా లేచి కిందపడుతుంది. రెండో ప్రభావం ఇంకా తమాషా అయినది. తర్వాత వచ్చేది మామూలు 278 దూరమే, కానీ దాని ముందుది 139 కాబట్టి పోల్చి చూస్తే ఇది రెట్టింపు. "దూరం రెట్టింపైంది, అంటే పన్ను ఊడిన చోటు వచ్చేసింది" అని ఈసీయూ పొరబడొచ్చు. డీలిమిటర్ కానిదాన్ని డీలిమిటర్ అనుకోవడం అన్నమాట. దొంగ పల్స్ నిజమైన ఖాళీలోనే పడితే దీనికి తలకిందులు, అసలు డీలిమిటరే మాయం.

మంచి ఈసీయూ ఒక చుట్టుకి 35 పళ్ళే వచ్చాయా అని లెక్క చూసుకుంటుంది. తేడా వస్తే రవ్వ, పెట్రోల్ రెండూ ఆపేసి, మళ్ళీ ఖాళీ కోసం వెతుక్కుంటుంది. డ్రైవర్‌కి అది ఒక కుదుపులా తెలుస్తుంది. చిరాకే గానీ ప్రమాదం తక్కువ. అసలు భయం, లెక్క తేలేలోపు జరిగే దాని గురించి. ఒక పల్స్ ఎక్కువ లెక్కపెట్టిందంటే ఇంజిన్ నిజంగా ఉన్న చోటు కంటే 10 డిగ్రీలు ముందుకెళ్ళిపోయిందని ఈసీయూ నమ్ముతుంది. అప్పుడు రవ్వ 10 డిగ్రీలు ముందే పడుతుంది. మామూలు ఇంజిన్ దీన్ని తట్టుకోవచ్చు. టర్బో పూర్తి బూస్ట్‌లో సిలిండర్ నిండా గాలి కుక్కి ఉన్నప్పుడు రవ్వ అంత ముందు పడితే నాకింగ్ వస్తుంది. అది ముదిరితే పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే సన్నని అంచులు విరుగుతాయి. రెండువందల రూపాయల తీగ తప్పుకి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుందన్నమాట.

సరే, దొంగని పట్టుకోవడం ఎలా? చాలామంది చేసే మొదటి పని కొత్త సెన్సర్ కొనడం. అది పని చేయకపోతే కొత్త ఈసీయూ. నా ఉద్దేశంలో ఇంతకంటే ఖరీదైన, పనికిమాలిన పద్ధతి లేదు. ముందు అడగాల్సిన ప్రశ్న "ఏది పాడైంది" కాదు, "తప్పు ఎప్పుడు వస్తోంది" అని. లాగ్‌లో సింక్ లాస్ లెక్కని, ఆర్పీఎంని, బూస్ట్‌ని ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి.

స్టార్ట్ చేసేటప్పుడే వస్తోందా? అయితే సంకేతం బలహీనంగా ఉందని అనుమానించాలి. సెన్సర్లలో రెండు రకాలు. హాల్ సెన్సర్‌కి కరెంటు ఇవ్వాలి, అది ఎంత నెమ్మదిగా తిరిగినా నిండైన పల్స్ ఇస్తుంది. ఇంకోటి వీఆర్, అంటే అయస్కాంతం మీద చుట్టిన తీగ చుట్ట. మన బైకు మెకానిక్‌లు పల్సర్ కాయిల్ అనేది ఈ జాతిదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక మన దగ్గర బైకులూ స్కూటర్లూ దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి కాబట్టి, ఇలా క్రాంక్‌ని చూస్తూ కూర్చునే కన్ను ఇప్పుడు మన హాస్టల్ పార్కింగ్‌లో వరసకి పది ఉంటాయి. వీఆర్‌తో చిక్కేమిటంటే వోల్టేజ్ వేగాన్ని బట్టి ఉంటుంది. స్టార్టర్ తిప్పేటప్పుడు ఒక వోల్టు కూడా రాకపోవచ్చు, అదే పరుగులో పదుల వోల్టులకి చేరుతుంది. సెన్సర్‌కీ పన్నుకీ మధ్య సందు కాస్త ఎక్కువైనా, బ్యాటరీ నీరసంగా ఉన్నా స్టార్టింగ్‌లో పళ్ళు కనబడవు. హాల్ అయితే చూడాల్సింది పుల్-అప్ రెసిస్టర్. చాలా హాల్ సెన్సర్లు తీగని కిందకి లాగగలవే గానీ పైకి నెట్టలేవు. రెసిస్టర్ లేకపోతే పల్సే లేదు.

బూస్ట్‌తో సంబంధం లేకుండా ఒక నిర్దిష్ట ఆర్పీఎం దాటగానే వస్తోందా? యాంత్రిక కారణం వెతకండి. చక్రం కాస్త వంకరగా తిరుగుతోందా, సెన్సర్ పట్టీ సన్నని రేకుతో చేసి అది వణుకుతోందా అని. వీఆర్ సెన్సర్ రెండు తీగలు తారుమారైనా ఇక్కడే బయటపడుతుంది. ఈసీయూ చూసేది వోల్టేజ్ సున్నాని దాటే క్షణాన్ని. సరైన వైపు నుంచి చూస్తే పన్ను మధ్యలో ఆ దాటడం నిట్టనిలువుగా, కచ్చితంగా ఉంటుంది. తీగలు తిరగబడితే రెండు పళ్ళ మధ్య మెల్లగా వాలే భాగాన్ని చూస్తుంది. మామూలు పళ్ళ దగ్గర ఎలాగో నెట్టుకొచ్చినా, ఊడిన పన్ను దగ్గర ఆ వాలు ఇంకా సాగిపోయి లెక్క చెడుతుంది.

తక్కువ బూస్ట్‌లో అంతా బాగుండి, టర్బో గట్టిగా ఊదినప్పుడే వస్తోందా? అది దాదాపుగా రవ్వ గరగరే. దీని వెనక 1889 నాటి భౌతికశాస్త్రం ఉంది. పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, గాలి ఒత్తిడిని, సందు దూరాన్ని బట్టి రవ్వ దూకడానికి కావాల్సిన వోల్టేజ్ ఎలా మారుతుందో కొలిచి చెప్పాడు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగే కొద్దీ అదే ప్లగ్ సందు దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. రవ్వ దూకేలోపు కాయిల్ ఇంకా పైకి, 20 వేలు, 30 వేల వోల్టుల దాకా ఎక్కుతుంది. అంత ఎత్తు నుంచి ఒక్కసారిగా కూలినప్పుడు చప్పుడు కూడా అంతే పెద్దది. అందుకే టర్బో పెట్టినవాళ్ళు ప్లగ్ సందుని 0.6, 0.7 మిల్లీమీటర్లకి తగ్గిస్తారు. రవ్వ ఆరిపోకుండా ఉండడానికి చేసే పనే అది, గరగర తగ్గడం అదనపు లాభం.

అయితే "దాదాపుగా" అన్నాను కదా, దాన్ని రుజువు చేసుకోవాలి. ఇక్కడే నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ట్యూనర్‌స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌లో కాంపోజిట్ లాగర్ అని ఉంటుంది. అది క్రాంక్, క్యామ్ సెన్సర్ల నుంచి వచ్చిన పల్సులని వచ్చినవి వచ్చినట్టు గీసి చూపిస్తుంది. అందులో దొంగ పల్స్‌ని వెతికి పట్టుకుని, అది ఎన్నో పన్ను దగ్గర పడిందో రాసుకోండి. మళ్ళీ ఇంకో నాలుగు చోట్ల చూడండి. ప్రతిసారీ ఒకే పన్ను దగ్గరైతే ఆ పన్నుకే దెబ్బ తగిలి ఉంటుంది, లేదా దానికి ఇనుప రజను అంటుకుని ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ వస్తుంటే కనెక్టర్ వదులు, పిన్ను సరిగ్గా నొక్కకపోవడం లాంటివి. రవ్వ పడే కోణం దగ్గరే వస్తుంటే, టైమింగ్‌ని ఒక ఐదు డిగ్రీలు వెనక్కి జరిపి మళ్ళీ లాగ్ తీయండి. దొంగ పల్స్ కూడా ఐదు డిగ్రీలు జరిగిందా? ఇంక వాదన లేదు, దొంగ ఇగ్నిషనే. స్టార్టింగ్‌లో తప్పులొచ్చే కారుకి ఇంకో తేలిక పరీక్ష ఉంది. కాయిల్ కనెక్టర్లు, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకేసి స్టార్టర్ తిప్పి చూడటం. తప్పులు మాయమైతే సెన్సర్ మంచిదే, నేరం పొరుగువాడిది.

ఎంఎక్స్-5లో ఈ పొరుగు మరీ దగ్గర. తొలి మోడల్‌లో ఇంజిన్ కోణం చెప్పే సెన్సర్ సిలిండర్ హెడ్ వెనక భాగంలో, క్యామ్ షాఫ్ట్ చివర ఉంటుంది. కాయిల్ ప్యాక్ ఉండేదీ సరిగ్గా అక్కడే. కంపెనీ ఈసీయూతో ఆ రెండూ కాపురం చేసుకుంటాయి. కొత్త వైరింగ్‌లో సెన్సర్ తీగని ప్లగ్ తీగతో కలిపి ఒకే కట్టగా టేపు చుట్టేస్తే మాత్రం గొడవ మొదలు. పైగా ఆ పాత సెన్సర్ 180 డిగ్రీలకి ఒక పల్సే ఇస్తుంది. రెండు పల్సుల మధ్య అంతా ఊహే. పక్కా లెక్క కావాలనుకునేవాళ్ళు క్రాంక్ పుల్లీకి 36-1 చక్రం పెట్టుకోవడానికి ఒక కారణం ఇదే. ఇంకో లాభం, సెన్సర్ ఇంజిన్ ముందుకి, కాయిల్‌కి దూరంగా వెళ్ళిపోతుంది.

గరగర సెన్సర్ తీగలోకి గాలిలోంచే రానక్కర్లేదు. ఎక్కువగా వచ్చేది ఎర్త్ దారిలో. దీన్ని చాలామంది నమ్మరు. "మల్టీమీటర్‌తో చూశాను, ఎర్త్ సున్నా ఓమ్‌లు" అంటారు. మల్టీమీటర్ నింపాదిగా కొలిచే మనిషి, జరిగేదేమో మైక్రోసెకన్లలో. ఒక మీటర్ తీగకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. కాయిల్‌లో 7 ఆంపియర్లు పారుతూ, ఐదు మైక్రోసెకన్లలో ఆగిపోయాయనుకోండి. ఫస్టియర్ ఫిజిక్స్ సూత్రం వేస్తే ఆ ఒక్క మీటర్ ఎర్త్ తీగ మీదే 1.4 వోల్టుల ఎగుడు వస్తుంది. అదే తీగ చివర సెన్సర్ ఎర్త్ కూడా కలిపి ఉంటే, ఒక వోల్టు కూడా లేని వీఆర్ సంకేతం గతేమిటి? ఈసీయూకి ఆ 1.4 వోల్టుల ఎగుడే పన్నులా కనిపిస్తుంది.

కాబట్టి మరమ్మతు ఎర్త్ నుంచే మొదలవ్వాలి. కాయిల్ ఎర్త్ కారు బాడీకి కాదు, దగ్గరి దారిలో సిలిండర్ హెడ్‌కే వెళ్ళాలి. ఎందుకంటే రవ్వ కరెంటు తిరిగి రావాల్సింది అక్కడికే. ఈసీయూ పవర్ ఎర్త్ ఇంజిన్ బ్లాక్ మీద ఒక్క చోట కలవాలి. సెన్సర్ ఎర్త్ ఈ రెండిట్లో దేనితోనూ కలవకుండా నేరుగా ఈసీయూలోని సెన్సర్ ఎర్త్ పిన్నుకే వెళ్ళాలి. క్రాంక్ సెన్సర్ తీగలు రెండూ మెలివేసి, పైన షీల్డ్ ఉన్న కేబుల్ వాడాలి. ఆ షీల్డ్‌ని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. "రెండు వైపులా కలిపితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా" అనిపిస్తుంది గానీ, అప్పుడు షీల్డే ఇంకో ఎర్త్ తీగైపోయి, రాకూడని కరెంటు దానిలోంచి పారుతుంది. ప్లగ్ తీగల్ని దాటక తప్పకపోతే పక్కపక్కన కాకుండా అడ్డంగా దాటించండి.

ఆ తర్వాత చూడాల్సింది ప్లగ్ పేరు. ఎన్‌జీకే ప్లగ్ మీద ఉన్న అక్షరాల్లో ఆర్ ఉందా? బీపీఆర్7ఈఎస్‌లో ఉంది, బీపీ7ఈఎస్‌లో లేదు. ఆ ఒక్క అక్షరానికి అర్థం లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందని. రవ్వ కరెంటు ఉన్నట్టుండి ఎగసిపడకుండా అది పట్టి ఉంచుతుంది. "రెసిస్టర్ లేకపోతే రవ్వ బలంగా ఉంటుంది" అని రేసింగ్ ప్లగ్గులు, లోపల ఉత్త రాగి తీగ ఉన్న ప్లగ్ వైర్లు కొనేవాళ్ళున్నారు. కార్బ్యురేటర్ కాలంలో అది చెల్లింది. పక్కన ఈసీయూ ఉన్న కారులో అది మన సినిమా టీవీ ముందు నుంచి స్కూటర్ల ఊరేగింపు తీసినట్టే.

ఇక ఫిల్టర్ సంగతి. ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ ఫిల్టర్ అని ఒక గడి కనిపిస్తుంది. నాలాంటి కోడ్ గాళ్ళ చెయ్యి ముందు దానిమీదకే పోతుంది, మరి స్పానర్ పట్టక్కర్లేదు కదా. అనుకున్న సమయం కంటే మరీ ముందు వచ్చిన పల్స్‌ని పట్టించుకోవద్దనే రకం ఫిల్టర్ కొంత మేలు. సెన్సర్ తీగకే రెసిస్టర్, కెపాసిటర్ కలిపే రకంతో జాగ్రత్త. 10 కిలో ఓమ్‌లు, 10 నానోఫారడ్‌లు పెట్టారనుకోండి, సుమారు 100 మైక్రోసెకన్ల ఆలస్యం. 1000 ఆర్పీఎం దగ్గర అది 0.6 డిగ్రీలే, ఎవరికీ తెలియదు. 6000 దగ్గర 3.6 డిగ్రీలు. సింక్ లాస్ లెక్క సున్నా చూపిస్తుంది, మనం సంబరపడతాం, ఇంజిన్ టైమింగ్ మాత్రం వేగాన్ని బట్టి మెల్లగా జారిపోతూ ఉంటుంది. తీగలన్నీ సరిచేశాక ఇంకా ఒకటీ అరా మిగిలితేనే ఫిల్టర్, అదీ వీలైనంత చిన్నది.

అన్నీ అయ్యాక చివరగా టైమింగ్ లైట్ తీయాలి. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర కదలకుండా కట్టేసి, ఇంజిన్ నడిపి, పుల్లీ మీది గుర్తుకి లైట్ పట్టండి. ఐడిల్‌లో గుర్తు 10 దగ్గర నిలబడిందా చూసి, మెల్లగా 4000 దాకా పెంచండి. గుర్తు అక్కడే రాయిలా నిలబడితే సరే. వేగంతో పాటు ఒక వైపుకి జారుతుంటే ఎక్కడో ఆలస్యం ఉంది, లేదా వీఆర్ తీగలు తిరగబడి ఉన్నాయి. వణుకుతూ దూకుతుంటే గరగర ఇంకా పోలేదు. గుర్తు నిలబడ్డాక కూడా ఒకేసారి పూర్తి బూస్ట్‌కి వెళ్ళకుండా, వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఇచ్చే కనీస ఒత్తిడితో ఒక లాగ్ తీసి, సింక్ లాస్ లెక్క కదలలేదని చూసుకుని, అప్పుడు ఇంకో మెట్టు పెంచాలి.